అవతలి పక్షం లేని పాట

రాజకీయ హింసకు వ్యతిరేకంగా జనాన్ని మేల్కొలపడానికి కొత్త పాట విడుదల చేయాలన్న ఆలోచన గోదావరి డెల్టాకు వింతేమీ కాదు, ఎందుకంటే ఇక్కడ రాజకీయం పద్యంగానో పాటగానో నడవడం మొదలై నూరేళ్లు దాటింది. 1907లో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు బిపిన్‌చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలను తెలుగులోకి అనువదించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం, దేశాన్ని పాడియావుగా, జనాన్ని ఆకలికి ఏడ్చే లేగదూడలుగా, ఆ దూడల మూతులు బిగించి పాలు పితుక్కునే గడుసు గొల్లలుగా తెల్లవారిని వర్ణిస్తూ చెప్పిన నాలుగు పాదాలు ఆనాటి ఎన్నో ఉపన్యాసాలకన్నా ఎక్కువ కాలం నిలిచాయి. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ల సత్యనారాయణ దొరతనాన్ని ధిక్కరించే పాట పాడి జైలుకు వెళ్లారు. 1943లో పుట్టిన వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి బుర్రకథను ఊళ్లలోకి తీసుకువెళ్లింది.

అయితే వీటన్నిటిలోనూ ఎదుట ఒక శత్రువు ఉన్నాడు. దొర కావచ్చు, జమీందారు కావచ్చు, వేలెత్తి చూపడానికి ఒకడున్నాడు. హింస వద్దనే పాటకు ఆ వెసులుబాటు లేదు. ఒకే వీధిలో రెండు జెండాల కింద కూర్చున్న ఇద్దరూ అది అవతలివాడి కోసం రాసిందేనని తలాడించి ఊరుకునే ప్రమాదముంది. ఈ రచన కష్టమంతా నా దృష్టిలో ఇక్కడే ఉంది.

ఈ డెల్టా అలాంటి హింసను చూడనిదేమీ కాదు. 1988 డిసెంబరు 26న విజయవాడలో నిరాహార దీక్షలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా హత్యకు గురైనప్పుడు చెలరేగిన అల్లర్లు గోదావరి జిల్లాలకూ పాకాయి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లాగా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు చేర్చాలన్న నిర్ణయంపై మే 24న అమలాపురంలో జరిగిన నిరసన అదుపు తప్పి, ఒక మంత్రి ఇంటికీ ఒక ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టేదాకా వెళ్లింది. బస్సులు తగలబడ్డాయి, పోలీసులు గాయపడ్డారు, కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆ చివరి సంగతి పాట తయారు చేసేవారు గుర్తుంచుకోవలసినది: నేటి పాట సెల్‌ఫోన్ల మీదే నడుస్తుంది, ఉద్రిక్తత ముదిరిన రోజున ముందుగా మూగబోయేదీ సెల్‌ఫోనే. మంటలు లేచాక విడుదల చేసిన పాట జనం చెవిన పడదు.

ఎన్నికల ముందు విడుదల చేద్దామంటే మరో చిక్కు. సినిమా బాణీలకు మాటలు మార్చి ఆటోల మైకుల్లో పార్టీలు హోరెత్తించే ఆ వారాల్లో ఏ పాటనైనా జనం ఫలానా పార్టీదని లెక్కగడతారు. అంతకన్నా, కనుమ నాడు అంబాజీపేట దగ్గరి జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే పదకొండు శివాలయాల దేవుళ్లను మోసుకొచ్చే అలంకరించిన ఎత్తైన చట్రాలు, చేరేటప్పుడు, ఏ జెండా పిలుపూ లేకుండా చుట్టుపక్కల ఊళ్లు ఒక్కచోట నిలిచే ఆ తీర్థంలో, మొదటిసారి పాడించడం మేలు.