కొండవాలు మీద సైన్సు పాఠం: అపోహలు – వాస్తవాలు

అపోహ: మన్యం పిల్లలకు నేల సంగతి ఓనమాల నుంచి చెప్పాలి.

వాస్తవం: పాడేరు, అరకు వైపు ఆశ్రమ పాఠశాలల్లో హైస్కూలుకు వచ్చే పిల్లలు చోడి (రాగి) చేలో కంది కలపడం ఇంట్లో చూసే వస్తారు. ఎందుకు కలుపుతారో కళ్లారా చూపించడమే టీచర్లుగా మన పని. కంది పూతకొచ్చినప్పుడు ఒక మొక్క చాలు. పీకితే వేరు బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. మొదలుకు జానెడు దూరంలో చుట్టూ గునపంతో తవ్వి, మట్టిపెళ్లతో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో నానబెట్టి కడగండి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనపడాలి. అలా ఉంటే గాలిలోని నత్రజనిని అది పట్టి ఇస్తున్నట్టే. ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో ఉంటే పని ఆగిపోయినట్టు.

అపోహ: వాలు మీద గట్టు వేయడానికి సమమట్టపు గీత గీయాలంటే సర్వే పరికరాలు కావాలి.

వాస్తవం: రెండు మీటర్ల వెదురు బొంగులు రెండు, మీటరు అడ్డకర్ర ఒకటి, తాడు, పిడికిలంత రాయి ఉంటే ఏ-ఫ్రేమ్ (ఇంగ్లిషు A ఆకారంలో కట్టి మట్టం చూసే చట్రం) తయారు. పైకొస నుంచి తాడుకు కట్టిన రాయి అడ్డకర్ర కిందికి వేలాడాలి. కాళ్లు ఆనే చోట రెండు మేకులు కొట్టి, తాడు కర్రను తాకేచోట గీత పెట్టండి. కాళ్లు అటుదిటు మార్చి, అవే మేకుల మీద నిలబెట్టి ఇంకో గీత పెట్టండి. రెండింటి నడిమధ్యే సమమట్టం: తాడు అక్కడ ఆనితే రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉన్నట్టు. పిల్లలు ఎక్కువగా ఎగ్గొట్టేది ఈ తిప్పడాన్నే. అప్పుడు నేల మీద గీసే గట్టు గీత వంకరపోతుంది, నీరంతా పల్లపు చోటికి చేరి గట్టు అక్కడే తెగుతుంది. చిన్న రాయి కడితే గాలికి ఊగుతుంది. కట్లు వదులవుతాయి కాబట్టి రోజూ మొదట సరిచూసుకోవాలి.

అపోహ: పోడు బూడిదలో అన్ని పోషకాలూ ఉంటాయి.

వాస్తవం: తగలబెడితే నత్రజని, గంధకం చాలావరకు పొగలో పోతాయి. పొటాషియం, కాల్షియం మిగిలి నేల పులుపును తగ్గిస్తాయి. బూడిద నీళ్లలో ఎర్ర లిట్మస్ నీలంగా మారడం చూపించండి. అయితే గట్టి వాన పడితే ఆ బూడిద వాలు మీంచి కొట్టుకుపోతుంది. బీడు విడిచే ఏళ్లు తగ్గేకొద్దీ నేల కోలుకోలేదు. ఈ పాఠంలో “మీ వాళ్లు అడవిని పాడుచేశారు” అన్న మాట మాత్రం వద్దు. అది విన్న పిల్లాడు ఆ తర్వాత మనం చెప్పేది వినడు.

అపోహ: అడవిని చూసుకునేది అటవీశాఖే.

వాస్తవం: అడవిలో బతికేవాళ్లకు, తరతరాలుగా తాము కాపాడుకుంటున్న సామూహిక అడవిని సంరక్షించి, నిర్వహించుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లోనే ఉంది. పిల్లలతో ఊరి వాగు, వాలు పటం గీయించి, ఆ పనికి అక్కరకొచ్చేలా నకలు ఒకటి గ్రామసభకు ఇవ్వండి.