మాస్ట్ కణాన్ని ఎంతవరకు ఆపాలి?

అలర్జీకి మనం మామూలుగా వేసుకునే మాత్రలు హిస్టమిన్ అనే ఒక్క రసాయనం పనిని అడ్డుకుంటాయి. ఆ రసాయనాన్ని వదిలే కణం జోలికి మాత్రం దాదాపుగా వెళ్లవు. వొళ్లంతా దద్దుర్లతో నెలల తరబడి నిద్రకు దూరమైనవాళ్లకు డాక్టర్లు ఈ మందు మోతాదును నాలుగు రెట్ల వరకు పెంచుతారు. అయినా కొందరికి దురద తగ్గదు. ఎందుకంటే ఆ కణం వదిలేది హిస్టమిన్ ఒక్కటే కాదు.

అదే మాస్ట్ కణం. 1878లో పాల్ ఎర్లిక్, అప్పటికి ఇంకా వైద్య విద్యార్థి, రంగులద్దిన కణజాలంలో దీన్ని గుర్తించాడు. లోపల కిక్కిరిసి ఉన్న రేణువులను చూసి బాగా తిని బలిసిన కణం అనుకున్నాడు. ఆ కణాల్లో హిస్టమిన్ దండిగా ఉంటుందని తేలడానికి 1953 దాకా పట్టింది. మాస్ట్ కణాలు ఎముక మజ్జలో పుడతాయి. పూర్తిగా ఎదగకముందే రక్తంలో బయలుదేరి చర్మం, ముక్కు, శ్వాసనాళాలు, పేగుల్లో స్థిరపడతాయి. బయటి ప్రపంచం మన శరీరాన్ని తాకే చోట్లన్నింటా, రక్తనాళాలకూ నరాలకూ దగ్గరగా ఉంటాయి.

వాటి ఉపరితలం మీద ఐజీఈ అనే యాంటీబాడీలు (బయటి పదార్థాలను గుర్తుపట్టే ప్రొటీన్లు) అతుక్కుని ఉంటాయి. పుప్పొడి ప్రొటీనో, వేరుశనగ ప్రొటీనో వచ్చి పక్కపక్కనున్న రెండు ఐజీఈలను కలిపి పట్టుకుంటే చాలు, నిమిషాల్లోనే రేణువులు పగిలి హిస్టమిన్, దాంతోపాటు ట్రిప్టేజ్ వంటి ఎంజైములు బయటికొస్తాయి. అంతటితో అయిపోదు. కణం అప్పటికప్పుడు ల్యూకోట్రైన్లు, ప్రోస్టాగ్లాండిన్లు అనే వాపు పెంచే రసాయనాలు తయారుచేసి వదులుతుంది. తర్వాతి గంటల్లో సైటోకైన్లు అనే సంకేత ప్రొటీన్లతో మిగతా రోగనిరోధక కణాలను పిలుస్తుంది. తుమ్ములు, దద్దుర్లు మొదటి విడత ఫలితం. మొండి ఉబ్బసంలో శ్వాసనాళాల వాపు చాలావరకు తర్వాతి విడతలది. రక్తపోటు పడిపోయే అనాఫిలాక్సిస్ అనే ప్రాణాంతక అలర్జీలో యాంటీహిస్టమిన్ మాత్రను నమ్ముకోకూడదు, వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షనే ఇవ్వాలి అని వైద్యులు గట్టిగా చెప్పేది కూడా ఇందుకే.

మరి రేణువులు పగలకముందే ఆపలేమా? ఈ ఆలోచన కొత్తది కాదు. 1960ల్లో రోజర్ ఆల్టూన్యన్ అనే వైద్యుడు, తనే ఉబ్బసం రోగి, తన మీదే ప్రయోగాలు చేసుకుంటూ క్రోమోగ్లైకేట్ అనే మందును వెలికితీశాడు. అది మంచి మందే కానీ బలం తక్కువ. అసలు మలుపు ఒమాలిజుమాబ్ అనే మందుతో వచ్చింది. ఇది రక్తంలోని ఐజీఈని పట్టేసి కణం దాకా పోనివ్వదు. 2003లో అమెరికాలో ఉబ్బసానికి అనుమతి పొందింది, 2014లో దీర్ఘకాలిక దద్దుర్లకు, 2024లో ఆహార అలర్జీకి. ఆహార అలర్జీ పరీక్షలో మందు తీసుకున్నవాళ్లలో 67 శాతం మంది 600 మిల్లీగ్రాముల వేరుశనగ ప్రొటీన్‌ను తట్టుకున్నారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అది 7 శాతమే. పొరపాటున నోట్లో పడిన కొంచెం వేరుశనగకే ప్రాణభయంతో బతికే పిల్లలకు ఇది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

ఇంకాస్త లోపలికి వెళ్తే, ఐజీఈ నుంచి రేణువుల దాకా సంకేతం మోసే బీటీకే అనే ఎంజైమ్ ఉంది. దాన్ని మూసేసే రెమిబ్రుటినిబ్ మాత్రకు 2025లో దీర్ఘకాలిక దద్దుర్ల చికిత్సకు అమెరికాలో అనుమతి వచ్చింది.

అన్నిటికన్నా సాహసమైన దారి కిట్ అనే గ్రాహకాన్ని, అంటే కణం మీద సంకేతాలు అందుకునే ప్రొటీన్‌ను, మూయడం. స్టెమ్ సెల్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ కిట్ ద్వారా పోషిస్తేనే మాస్ట్ కణం బతుకుతుంది. ఆ పోషణ ఆగితే కణమే చచ్చిపోతుంది. మాస్టోసైటోసిస్ అనే అరుదైన జబ్బులో కిట్ జన్యువులో ఒక మార్పు వల్ల ఈ కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. ఆ మారిన కిట్‌నే ఎంచి కొట్టే అవాప్రిటినిబ్ అక్కడ నిజంగా మేలు చేస్తోంది. మామూలు కిట్‌ను అడ్డుకునే బార్జోల్వోలిమాబ్ అనే యాంటీబాడీని దీర్ఘకాలిక దద్దుర్ల మీద పరీక్షించారు. పరీక్షించిన మోతాదుల్లో ఒకదానితో 12 వారాలకు సుమారు సగం మందికి దద్దుర్లు పూర్తిగా పోయాయి. ఇది గొప్ప ఫలితం. కానీ కొందరికి జుట్టు రంగు మారింది, చర్మం రంగు తగ్గింది, తెల్లరక్తకణాలు పడిపోయాయి. మెలనిన్ తయారుచేసే కణాలకూ, రక్తం పుట్టించే మూలకణాలకూ, వీర్యకణాల తయారీకీ కిట్ కావాలి మరి.

ఇక్కడే నాకు జంకు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోకూడదు కదా. మాస్ట్ కణాలు మనకు ఉపకారం కూడా చేస్తాయి. తేనెటీగ విషం, కొన్ని పాముల విషం చేసే హానిని అవి తగ్గిస్తాయని 2006లో చిట్టెలుకల్లో చూపించారు. బ్యాక్టీరియా దాడి చేసినప్పుడు తొలి హెచ్చరిక ఇచ్చేవాటిలో అవీ ఉన్నాయని 1996 నుంచే తెలుసు. అందుకే మాస్టోసైటోసిస్ లాంటి జబ్బు కానప్పుడు ముందు కణం నోరు మూయించే మందులను వాడిచూడాలి, కణాన్నే తొలగించే మందులను వేరే దారి లేనివాళ్ల కోసం ఉంచాలి అని నా అభిప్రాయం.

ఐజీఈతో సంబంధం లేని తలుపు ఇంకొకటుంది. ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే గ్రాహకాన్ని సిప్రోఫ్లోక్సాసిన్, మత్తు ఇచ్చేటప్పుడు వాడే అట్రాక్యూరియం లాంటి మందులు నేరుగా తట్టి మాస్ట్ కణాన్ని పగలగొట్టగలవని 2015లో తేలింది. మందు మొదటిసారి తీసుకున్నప్పుడే రియాక్షన్ రావడం, అలర్జీ పరీక్షలో ఐజీఈ ఏమీ దొరకకపోవడం కొందరి విషయంలో దీనివల్లే కావచ్చు. ఒమాలిజుమాబ్ ఈ తలుపును మూయలేదు. ఆ గ్రాహకాన్ని అడ్డుకునే మందులను ఇప్పుడు విడిగా మనుషుల మీద పరీక్షిస్తున్నారు.