‘సెట్’ తీసేసిన కంపోజిటర్ ఉత్తరం

నల్గొండ

పిల్లలకు తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నది ముక్కు చీదుకుంటూ చెప్పిన సంగతి నా తలలోంచి పోవడం లేదు. ఇంగ్లీషు పరీక్షలో ‘ది డాక్టర్ సెట్ ది బోన్’ అన్న వాక్యానికి తెలుగు రాయమంటే, ‘డాక్టరు దగ్గర ఎముకల సెట్టు ఉంది’ అని రాసిందట. టీచరు సున్నా పెట్టారు. క్లాసంతా నవ్వింది. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు ఆగిపోయింది. అదే మాటతో నేను ఇంతకంటే పెద్ద తప్పు చేసి జీతం కోయించుకున్నాను బిడ్డా.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాను. అచ్చు అంటే అప్పట్లో కంప్యూటరు కాదు, సీసపు అక్షరాలు. ఎదురుగా గూళ్లున్న చెక్క కేసులు, ఎడమ చేతిలో స్టిక్కు అనే ఇనుప పట్టె. కుడి చేత్తో ఒక్కొక్క అక్షరం ఏరి అందులో తలకిందులుగా పేర్చాలి. చదవడం కూడా తలకిందులుగానే. పెళ్లిళ్ల కాలం వస్తే ‘సౌ’ అక్షరానికి కరువు. ‘చి.ల.సౌ.’ లేని శుభలేఖ ఎక్కడుంది? ఒక కార్డు అచ్చయి ఆ అక్షరాలు మళ్లీ గూట్లో పడేదాకా రెండోవాళ్ల పెళ్లి మా ప్రెస్సులో ఆగాల్సిందే. ఈ పనిని తెలుగులో అక్షరాలు కూర్చడం అంటాం. ఇంగ్లీషులో టైప్ సెట్టింగ్. చూశారా, నా బువ్వ ‘సెట్’ మీదే నడిచింది, ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు.

ఒకరోజు మోటర్ల షాపాయన కరపత్రం తెచ్చాడు. పైన పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషు: ‘పంప్ సెట్స్. సెట్ ప్రైసెస్.’ కింద మిగతాదంతా తెలుగు. మోటరూ పంపూ కలిస్తే పంప్ సెట్ అని నాకు తెలుసు, మా బావి మీద ఉన్నదే. రెండో ‘సెట్’ ఎందుకో అంతు చిక్కలేదు. రాసినాయన చెయ్యి జారి రెండుసార్లు రాశాడనుకున్నాను. తెలివిగా తీసేశాను. ఐదొందల కాగితాలు ‘పంప్ సెట్స్. ప్రైసెస్.’ అని అచ్చయిపోయాయి. పాపం ఆయన చెప్పాలనుకున్నది ‘చెప్పిందే ధర, బేరం లేదు’ అని! ప్రెస్సు యజమాని ఒకటే మాట అన్నాడు: “తెల్వకపోతే అడగాలె గని, తీసేస్తవా?” కాగితం డబ్బులు ఆ నెల జీతంలో పట్టుకున్నాడు.

ఆ ఉక్రోషంతో లైబ్రరీకి పోయి డిక్షనరీ తెరిచాను. ఆ మూడు అక్షరాల మాట కింద ఉన్న వరసలు చూసి కళ్లు తిరిగాయి. నేను చూసింది చిన్న డిక్షనరీ. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో ‘సెట్’ అనే క్రియ ఒక్కదానికే 430 అర్థాలు ఇచ్చారు. దాని వివరణ దాదాపు 60,000 మాటలు, అంటే ఒక మోస్తరు పుస్తకమంత. తర్వాత ఆ నిఘంటువును మళ్లీ దిద్దేవాళ్లు ‘రన్’ దగ్గర కూర్చుని 2011 నాటికి 645 అర్థాలు తేల్చారు. పోటీలో ‘సెట్’ ఓడిపోయింది. అయినా నా జీతం కోసింది ఇదే కాబట్టి నేను దీన్ని వదల్లేను.

430 అర్థాలు బట్టీ పట్టమని చెప్పను. ఎవరి వల్లా కాదు. ఒక్క తీగ పట్టుకుంటే చాలా వరకు కదిలొస్తాయి. ఇంగ్లీషులో ‘సిట్’ అంటే కూర్చోవడం. ‘సెట్’ దాని నుంచే పుట్టింది, కూర్చోబెట్టడం అని. మనకు కూలు, కూల్చు ఉన్నట్టు. చెట్టు కూలితే వాళ్లకు ‘ఫాల్’, మనిషి గొడ్డలితో కూలిస్తే ‘ఫెల్’. అదే పద్ధతి.

ఇప్పుడు చిన్నదాని డాక్టరు దగ్గరికి రండి. విరిగిన ఎముక చోటు తప్పింది. దాన్ని సరిచేసి దాని చోట దాన్ని కూర్చోబెట్టాడు. అంతే. అతుక్కోవడం తర్వాత అదే అతుక్కుంటుంది. అలారం సెట్ చేయడమంటే ముల్లును ఐదు మీద కూర్చోబెట్టడం. గడియారాన్ని బల్ల మీద పెడితే మాత్రం మామూలుగా ‘పుట్’ అనే అంటారు. ‘సెట్ ది క్లాక్’ అన్నారంటే టైము సరిచేస్తున్నారని. ‘పుట్’, ‘ప్లేస్’, ‘లే’, ‘ఫిక్స్’ అన్నీ డిక్షనరీలో దీనికి చుట్టాలుగానే కనబడతాయి గానీ ఒకరి కుర్చీలో ఒకరు అంత తేలిగ్గా కూర్చోరు.

సిమెంటు సంగతి మీ బాబాయి ఇల్లు కట్టేటప్పుడు చూశారు. వాడపల్లి, మఠంపల్లి వైపు సున్నపురాయి బాగా ఉండబట్టి అక్కడ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. స్లాబు పోసిన రోజు మేస్త్రీ వేలితో నొక్కి “సెట్టయింది” అన్నాడు, గుర్తుందా? కదిలేది కదలకుండా కూర్చుందన్నమాట. మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు నీళ్లు కలిపాక 30 నిమిషాల లోపల బిగుసుకోకూడదు, 10 గంటలు దాటేలోపు పూర్తిగా బిగుసుకోవాలి. మన దేశంలో లెక్క అది. సెట్ కావడం వేరు, గట్టిపడడం వేరు. అందుకే మేస్త్రీ సెట్టయిందని చెప్పి ఊరుకోలేదు, “రోజూ నీళ్లు కొట్టాలె” అని మీ బాబాయి వెంటపడ్డాడు. దాని పూర్తి బలం ఎంతో చూడడానికి 28 రోజులు ఆగుతారు. షాపాయన ‘సెట్ ప్రైసెస్’ కూడా ఈ జాతే. బిగుసుకున్న ధర, ఎంత నొక్కినా కదలదు. ఇంగ్లీషులో పాత అలవాట్లు మార్చుకోని ముసలాయన్ని ‘సెట్ ఇన్ హిజ్ వేస్’ అంటారు. మీ నాయనమ్మకు ఈ మాట ఎవరూ చెప్పకండి.

సూర్యుడు ‘సెట్’ అవుతాడంటే కిందికి దిగి కూర్చుంటాడు. మనం పొద్దు గూకిందంటాం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. కోడిని గుడ్ల మీద కూర్చోబెడితే ఇంగ్లీషులో దానికీ ‘సెట్’ వాడతారు. అవుసలాయన ఉంగరంలో రాయి బిగిస్తే దానికీ ‘సెట్’. ఇప్పుడు మన మాటలు చూడండి. కోడి గుడ్లు పొదుగుతుంది. అవుసలాయన రాళ్లు పొదుగుతాడు! ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి నల్గొండ, కోడీ ఉంగరమూ రెండు చోట్లా ఒకే మాట కింద చేరాయి. ఇది కనిపెట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మరి చిన్నది రాసిన ఎముకల సెట్టు ఎక్కడిది? దాని తప్పు మరీ అంత తప్పేం కాదు. గుంపు అనే అర్థంలో వాడే ‘సెట్’ అసలు వేరే ఇంటి పిల్ల. లాటిన్‌లో ‘సెక్టా’ అంటే ఒకరి వెంట నడిచేవాళ్లు. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి, ఇక్కడున్న ‘సెట్’తో పోలిక కలిసి, చివరికి రెండూ ఒక్క కంచంలో తినడం మొదలుపెట్టాయి. టీ సెట్టు, పంప్ సెట్టు, రెండుమూడు కలిపి ఇచ్చే సెట్ దోశ, మీ లెక్కల పుస్తకంలో సమితి, అన్నీ ఈ వైపువే. అక్క రాసే ఎప్‌సెట్‌లోది, అంటే మునుపటి ఎంసెట్‌లోది, ఈ రెండూ కాదు. అది ప్రవేశ పరీక్షకు పొడి అక్షరాల పేరు, స్పెల్లింగే వేరు. వాక్యంలో ‘ఏ సెట్ ఆఫ్’ అని ఉంటే గుంపు. ‘సెట్ ది’ అని పని జరుగుతుంటే కూర్చోబెట్టడం వైపు చూడండి. ఈ ఆనవాలు చాలాసార్లు పనిచేస్తుంది.

పెద్దోడా, నీకొక మాట. “అంతా సెట్ తాతా” అంటావు, బాగుంది, ఇంగ్లీషువాళ్లూ ‘ఆల్ సెట్’ అంటారు. “ఈ షర్టు నాకు సెట్ కాలే” మాత్రం మన సొంత తయారీ. అక్కడ వాళ్లకు ‘ఫిట్’ కావాలి, లేదా ‘సూట్’ కావాలి. ఇంటర్వ్యూలో షర్టు సెట్ కాలేదని చెప్పకు. ఇంట్లో ఎంతైనా అనుకో.

ఒక్క మాటకు ఇన్ని అర్థాలేంటని చిన్నది విసుక్కుంది కదా. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషు పిల్ల గతేమిటో ఆలోచించారా? అమ్మ అన్నం పెట్టింది, కోడి గుడ్డు పెట్టింది, నాయన పేరు పెట్టాడు, పక్కింటాయన కేసు పెట్టాడు, దొంగ పరుగు పెట్టాడు, బాబాయి చెవిలో పువ్వు పెట్టాడు. ఆ పిల్ల ‘పెట్టు’ అంటే ‘పుట్’ అని రాసుకుని ఉంటే దానికీ సున్నానే. ఈ ఉత్తరంలోనే నేను ఆ మాట ఎన్ని రకాలుగా వాడానో పెన్సిలుతో గీత గీసి లెక్కపెట్టండి. తేలినంత లెక్క ఫోన్‌లో చెప్పండి, నేనూ చూసుకుంటాను.

ఇంటి దగ్గర విశేషాలు. నాయనమ్మ మోకాళ్లు పరవాలేదు. నల్ల కోడిని గంపలో ఊక పోసి పదకొండు గుడ్ల మీద పొదగేసింది. ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఇంకో తొమ్మిది రోజులకు పిల్లలు బయటికి రావాలి. మీ సెలవులు పది రోజుల్లో అన్నారు కదా, వచ్చేటప్పుడు చిన్నదాని ఇంగ్లీషు పేపరు కూడా తీసుకురండి.

మీ తాత