మైనస్ 25216: మన ల్యాబుల్లో కంపైలర్ వెనక కథ

ఏటా ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం క్లాసులు మొదలవగానే నాకు ఫోన్లు వస్తాయి. దేవరకొండ నుంచో, మిర్యాలగూడ నుంచో బంధువుల పిల్లలు. "అన్నా, జీసీసీ ఇన్‌స్టాల్ చేసిన. అయినా వస్తలేదు." జీసీసీ అంటే సీ భాషలో రాసిన ప్రోగ్రామును మెషీన్ నడపగలిగే రూపంలోకి మార్చే కంపైలర్. తెర మీద ఎర్రర్ కూడా ఎప్పుడూ ఒకటే. జీసీసీ అనే కమాండ్ ఏదో తనకు తెలియదంటుంది విండోస్. సాఫ్ట్‌వేర్ డిస్కులోనే ఉంది, దాన్ని ఎక్కడ వెతకాలో విండోస్‌కు ఎవరూ చెప్పలేదు, అంతే. వెతకాల్సిన ఫోల్డర్ల జాబితాకే పాత్ అని పేరు. కంపైలర్ ఉన్న బిన్ ఫోల్డర్‌ను అందులో చేర్చి, తెరిచి ఉన్న కమాండ్ విండోను మూసి మళ్లీ తెరిస్తే చాలు. రెండు నిమిషాల పనికి వారం ఎందుకు పడుతోందంటే, తప్పు పిల్లలది కాదు. ఆ జాబితా గురించి చెప్పే అవసరం రాని ల్యాబుల్లో మేము చదువుకున్నాం, వాళ్లకు ఇప్పుడు చెబుతున్నది మేమే.

సీ భాష 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేతిలో పుట్టింది. అది పెరిగిన ఇల్లు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఆ రోజుల్లో యూనిక్స్ మెషీన్‌తోపాటే కంపైలర్ వచ్చేది. డాస్, ఆ తర్వాత విండోస్ మాత్రం ప్రోగ్రాములు వాడుకునేవాళ్ల కోసం అమ్మినవి. రాసేవాళ్లు కంపైలర్‌ను విడిగా కొనుక్కోవాలి. బోర్లాండ్ సంస్థ 1983లో టర్బో పాస్కల్‌ను 49.95 డాలర్లకు అమ్మి ఆ బజారును పట్టేసింది. 1987లో టర్బో సీ తెచ్చింది. ఎడిటర్, కంపైలర్, లింకర్ అన్నీ ఒకే నీలి తెరలో. కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్, ఆల్ట్ ఎఫ్5 కొడితే అవుట్‌పుట్. లోపల ఏం జరుగుతోందో తెలియాల్సిన పని లేదు.

2007-08లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి ఇంజినీరింగ్‌కు వచ్చే దారి సులువైంది. అప్పటికే టర్బో సీకి ఇరవై ఏళ్లు. అయినా ల్యాబుల్లో అదే ఉండేది. దాన్ని బద్ధకం అని కొట్టేయలేను. నెట్ అక్కర్లేదు, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో టీసీ (టర్బో సీ) ఫోల్డర్ తెచ్చి ల్యాబ్‌నిండా కాపీ చేస్తే సాయంత్రానికి అన్ని సిస్టమ్‌లూ రెడీ. ల్యాబ్ మాన్యువల్‌లో క్లియర్ స్క్రీన్ ఫంక్షన్, వాయిడ్ మెయిన్ అచ్చై ఉండేవి. వైవాలోనూ అవే.

నేను మొదటిసారి ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాసినప్పుడు 7కు 5040 వచ్చింది. 8కి మైనస్ 25216. సార్‌ను అడిగితే గార్బేజ్ వాల్యూ, అంటే అర్థంలేని చెత్త విలువ అన్నారు, ల్యాబ్ రికార్డులో అదే రాసుకున్నాం. అది గార్బేజ్ కాదు. టర్బో సీ 16 బిట్ కంపైలర్, అందులో పూర్ణాంకాలు దాచే ఇంట్ అంటే రెండు బైట్లు, 32767 దాటి పట్టదు. రావాల్సిన 40320లోంచి 65536 తీసేస్తే మిగిలేది సరిగ్గా ఆ మైనస్ 25216. నాకిది తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

64 బిట్ విండోస్ ఉన్న ల్యాప్‌టాప్‌లు ఇళ్లలోకి వచ్చాక టర్బో సీ తెరుచుకోవడం మానేసింది. 16 బిట్ ప్రోగ్రాములను ఆ విండోస్ నడపదు. అప్పుడైనా మారాల్సింది. మనవాళ్లు డాస్‌బాక్స్ పట్టుకొచ్చారు. పాత కంపైలర్ కోసం కొత్త మెషీన్ లోపల పాత మెషీన్‌ను సృష్టించడమన్నమాట. ట్రాక్టర్ కొని దానికి కాడి కట్టినట్టు.

బయట కథ ఎప్పుడో ముందుకు పోయింది. టర్బో సీ వచ్చిన 1987లోనే రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీని విడుదల చేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. తర్వాత సన్ సంస్థ తన యూనిక్స్ అయిన సొలారిస్‌తో కంపైలర్‌ను ఉచితంగా ఇవ్వడం ఆపేసరికి జీసీసీ వైపు జనం మళ్లారు. అయితే అది యూనిక్స్ బిడ్డ, విండోస్ దానికి పరాయి ఊరు. 1989లో డీజేజీపీపీ దాన్ని డాస్‌కు తెచ్చింది, 1995లో సిగ్‌విన్ విండోస్ మీద యూనిక్స్ వాతావరణాన్నే కట్టింది, 1998లో మింగ్‌డబ్ల్యూ నేరుగా విండోస్ ప్రోగ్రాములు తయారుచేసే దారి చూపింది. డెవ్ సీ ప్లస్ ప్లస్, కోడ్ బ్లాక్స్ లాంటివి మింగ్‌డబ్ల్యూను కడుపులో పెట్టుకుని వచ్చాయి కాబట్టి పాత్ గొడవ అప్పుడూ మన కంట పడలేదు.

2015లో వీఎస్ కోడ్ వచ్చింది. అందులో కంపైలర్ లేదు, అది ఎడిటర్. నీలి తెరకు అలవాటుపడ్డ మాకు ఎడిటర్ వేరు, కంపైలర్ వేరు అన్న మాటే కొత్త. నిజానికి కంపైలర్ అని మనం పిలిచేది కూడా ఒక్కటి కాదు. ప్రీప్రాసెసర్ హెడర్ ఫైళ్లను తెచ్చి అతికిస్తుంది, కంపైలర్ దాన్ని అసెంబ్లీగా మారుస్తుంది, అసెంబ్లర్ ఆబ్జెక్ట్ ఫైల్ చేస్తుంది, లింకర్ లైబ్రరీలతో కలిపి ఈఎక్స్ఈ ఇస్తుంది. ఈ వరుసకే టూల్‌చైన్ అని పేరు. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అనే ఎరర్ వస్తే అది లింకర్ గొడవ. దానికి కోడ్‌లో సెమీకోలన్ వెతుక్కుంటూ కూర్చుంటే రాత్రి గడిచిపోతుంది.

ఇప్పుడు ఫోన్ చేసినవాళ్లకు నేను ఎంఎస్‌వైఎస్2 వేసుకోమంటాను. విండోస్ మీద జీసీసీ లాంటి టూల్స్‌ను తెచ్చిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. పాత వీడియోలు చూసి 2018 నాటి జీసీసీ 8.1 వెర్షన్ దించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎంఎస్‌వైఎస్2లో జీసీసీ ఎప్పటికప్పుడు కొత్తది దొరుకుతుంది. 2022 నుంచి అందులో యూసీఆర్‌టీ64 అనేదే మామూలు ఎంపిక, విండోస్ 10లోనే ఉన్న సీ లైబ్రరీని అది వాడుకుంటుంది. పేరు మధ్య ఖాళీ ఉన్న యూజర్ ఫోల్డర్‌లో ప్రాజెక్టు పెట్టొద్దని కూడా చెబుతాను. మేక్ లాంటి పాత టూల్స్ ఆ ఖాళీ దగ్గర పేరును రెండు ముక్కలుగా చదువుతాయి.

మొన్న దేవరకొండ పిల్లాడికి పాత్ సరిచేయించాక, 8 ఫ్యాక్టోరియల్ వేయమన్నాను. 40320 వచ్చింది. 13 వేయమన్నాను. 1932053504 వచ్చింది. అసలు జవాబు ఆరు వందల కోట్లు దాటాలి, నాలుగు బైట్ల ఇంట్‌లో అది పట్టదు. నేను నోరు తెరిచేలోపే అడిగాడు: "అన్నా, రికార్డులో గార్బేజ్ వాల్యూ అని రాయనా?"