నీడ కిటికీకి ముందు ఆకులు, తర్వాతే పూలు

ఎండ తగలని కిటికీ తొట్టిలో మొక్క చచ్చిపోతే వెలుతురు చాలలేదనుకుంటాం. చాలాసార్లు చంపేది నీళ్లు. నీడలో ఆకుల నుంచి, మట్టి నుంచి తేమ నెమ్మదిగా ఆరుతుంది. రోజూ పోస్తే మట్టిలో గాలాడక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు, ఆకు వాడుతుంది. దాహమేమో అని మళ్లీ పోస్తాం. మట్టిలో రెండు సెంటీమీటర్ల లోతున వేలికి తడి తగలకపోతేనే పోయాలి.

నీడలన్నీ ఒకటి కావు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నపు ఎండ 1,00,000 లక్స్ దాకా ఉంటుంది. ఎండ పడకపోయినా ఎదురుగా ఆకాశం విశాలంగా కనిపించే కిటికీలో 10,000 ఉండవచ్చు, ఎదురుగోడ అడ్డుంటే 2,000కి పడిపోవచ్చు. కన్ను చీకటికి సర్దుకుంటుంది కనుక ఈ తేడా మనకు తెలియదు. ఫోన్‌లోని లక్స్ మీటర్ యాప్‌తో తొట్టి ఎత్తున మూడు పూటలా కొలిస్తే ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

చెట్టు నీడ మరో తీరు. పైనున్న ఆకులు ఎరుపు కాంతిని వాడేసుకుని, కంటికి దాదాపు ఆనని ముదురు ఎరుపును కిందికి వదులుతాయి. కింది మొక్కలో కాంతిని గుర్తించే ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్ ఆ తేడాను పసిగడుతుంది. పోటీ ఉందని కాండం సాగుతుంది. గోడ నీడలో ఈ చిక్కు ఉండదు.

మసక నీడకు ఫెర్న్, సింగోనియం, మనీప్లాంట్, ఐవీ సరిపోతాయి. వీటికి శక్తి ఖర్చు తక్కువ, కొద్ది కాంతితోనే గడుపుకుంటాయి. పూయడం మొక్కకు ఖరీదైన పని. అందుకే బిగోనియా, టొరీనియా, ఇంపేషన్స్ ఆకాశం బాగా కనిపించే చోట గానీ, రెండు మూడు గంటల పొద్దుటెండ తగిలే చోట గానీ పెట్టాలి. అంతకన్నా చీకటైతే పూల ఆశ వదిలి ఆకుల రంగులతో సరిపెట్టుకోవడమే మేలు. తెల్లమచ్చల ఆకులైతే ఒక మాట: ఆ మచ్చల్లో పత్రహరితం ఉండదు, మరీ మసకలో కొత్త ఆకులు పచ్చగా రావచ్చు. రంగుల్లో తెలుపు, లేతగులాబీ, లేతాకుపచ్చ ఎంచుకోండి. మసక వెలుతురులో కంటికి ముందుగా నల్లబడేది ఎరుపే.

తొట్టి 60 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 20 లోతు ఉంటే 24 లీటర్లు పడుతుంది. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 12, వర్మీకంపోస్ట్ 6, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాతి గుళికలు) 6 లీటర్లు కలపండి. తడిశాక బరువు 20 కిలోలు దాటవచ్చు, పట్టీలు దానికి ఆగాలి. అడుగున సెంటీమీటరు వెడల్పు రంధ్రాలు ఆరు చాలు. కింద గులకరాళ్లు వేయకండి: మట్టి పూర్తిగా తడిసేదాకా నీరు రాళ్లలోకి దిగదు, తడిపొర వేళ్లకు మరింత దగ్గరవుతుంది.

ఇందులో ఐదు మొక్కలు పడతాయి: మధ్యలో ఫెర్న్, రెండు వైపులా బిగోనియా, చివర్లలో ఐవీ. ఎరువు ప్యాకెట్‌పై చెప్పిన మోతాదులో సగమే ఇవ్వండి, నత్రజని ఎక్కువైతే కాండం మెత్తగా సాగుతుంది. ఇంపేషన్స్ ఆకుల అడుగున తెల్లటి నూగు కనిపిస్తే అది బూజు తెగులు. ఆ మొక్కను వేళ్లతో సహా తీసి పారేయాలి. ఆ తొట్టిలో మళ్లీ అదే వద్దు, ఈ తెగులును బాగా తట్టుకునే న్యూ గినియా ఇంపేషన్స్ పెట్టండి.