భద్రాచలంలో తగ్గితే లంకల్లో తగ్గినట్టా?

రాజోలు వైపు నుంచి నర్సింగ్ చదువుతున్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "2021 మే నెలలో టీవీలో ఒక పక్క కరోనా కేసులు తగ్గుముఖం పట్టాయనేవారు, ఇంకో పక్క చావులు పెరిగాయనేవారు. టీవీవాళ్లు ఏదో దాస్తున్నారనే మా ఇంట్లో అందరం అనుకున్నాం. ఆ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయండీ?"

రెండూ నిజమేనమ్మా. పైగా ఈ జవాబు కోనసీమలో పుట్టినవాళ్లకు పుస్తకం తెరవకుండానే తెలుసు. జూలై, ఆగస్టు వచ్చాయంటే మనం ఒకరినొకరు అడిగే మొదటి మాట "భద్రాచలంలో ఎంతుంది?" కదా. గోదారి అక్కడ 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు ధవళేశ్వరం బ్యారేజీ చేరేసరికి దాదాపు ఒక రోజు పడుతుంది. బ్యారేజీ దాటి లంకల్లోకి (నది పాయల మధ్య ఊళ్లలోకి) రావడానికి ఇంకొన్ని గంటలు. భద్రాచలంలో తగ్గుతోందని కబురొచ్చిన పూట లంకలో ఎవరూ అటకెక్కించిన బియ్యం బస్తా కిందికి దించరు, గట్టు మీదికి తోలిన గేదెల్ని పాకలోకి తీసుకురారు. ఆ పూట గుమ్మం దగ్గర నీరు ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. పైన తగ్గడమూ నిజం, కింద పెరగడమూ నిజం.

మహమ్మారి లెక్కల్లో కేసుల సంఖ్య భద్రాచలం గేజి, అంటే నీటిమట్టం కొలిచే రాయి. ఆసుపత్రి పడకలు ధవళేశ్వరం. మరణాలు లంక. వైరస్ సోకాక లక్షణాలు బయటపడడానికి సగటున ఐదు రోజులు, టెస్టుకు వెళ్లి ఫలితం చేతికి రావడానికి ఇంకొన్ని. పరిస్థితి విషమించిన వాళ్లు పోరాడేది ఆ తర్వాత ఒకటి రెండు వారాలు. దేశం మొత్తం మీద కేసులు శిఖరానికి చేరింది 2021 మే 7 ఉదయం బులెటిన్‌లో: 4,14,188. ఆ నెలలో మరణాలు శిఖరానికి చేరింది మే 19 ఉదయం బులెటిన్‌లో: 4,529. మధ్యలో 12 రోజులు. భద్రాచలానికీ లంకకూ ఉన్న దూరం అంతే.

ఈ ఆలస్యం తెలియకపోతే ఎంత పెద్ద పొరపాటు జరుగుతుందో ఒక్క భాగహారంతో చూపిస్తాను. మే 19 నాటి కేసులు 2,67,334. అదే రోజు మరణాలను వాటితో భాగిస్తే 1.7 శాతం వస్తుంది. "అయ్యో, వైరస్ ఇంకా ప్రాణాంతకంగా మారిపోయింది" అనిపిస్తుంది. కానీ ఆ రోజు పోయినవాళ్లు ఆ రోజు కేసుల్లోని వాళ్లు కారు, పన్నెండు రోజుల కిందటి వాళ్లు. 4,14,188తో భాగిస్తే 1.1 శాతం. మనుషులూ వాళ్లే, మరణాలూ అవే, తేదీ సరిచూసుకోకపోవడం వల్ల ప్రమాదం ఒకటిన్నర రెట్లు పెరిగినట్టు కనబడింది. కేసులు ఎగబాకే రోజుల్లో ఇదే పొరపాటు తలకిందులవుతుంది. హారం ఉబ్బిపోయి, జబ్బు చాలా తేలికైనదన్న భ్రమ పుడుతుంది. ధవళేశ్వరం దగ్గర ఇవాళ్టి నీటిని భద్రాచలం ఇవాళ్టి మట్టంతో పోల్చే ఇంజనీరు ఎవరూ ఉండరు, నిన్నటితోనే పోలుస్తారు. టీవీ చర్చల్లో మాత్రం ఈ పని రోజూ జరిగింది. పదో తరగతిలో సగటు, మధ్యగతం నేర్పిస్తాం. రెండు వరసలను కొన్ని రోజులు జరిపి పక్కపక్కన పెట్టి చూడడం ఎక్కడా నేర్పించం. అరగంట పాఠం అది.

సరే, గేజి దగ్గరికే మళ్లీ వెళదాం. గేజి చెప్పేది అడుగులు. మనకు కావలసింది క్యూసెక్కులు, అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుతోందో. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, అప్పుడు ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు. రెండోది 13.75 అడుగులు, 13 లక్షలు. మూడోది 17.75 అడుగులు, 17 లక్షలు. అంటే మొదటి రెండడుగులకు 3 లక్షలు పెరిగింది, తర్వాతి నాలుగడుగులకు 4 లక్షలే. అడుగు అడుగే అయినా దాని వెనక ఉన్న నీరు ఒకటి కాదు. కేసుల సంఖ్య కూడా ఇలాంటి అడుగే. దాన్ని జబ్బుగా మార్చుకోవాలంటే ఎన్ని టెస్టులు చేస్తే అన్ని కేసులు దొరికాయో తెలియాలి.

మన రాష్ట్రంలో ఒక్కరోజు కేసులు తొలిసారి 10 వేలు దాటింది 2020 జూలై చివర్లో. ఆ రోజు చేసినవి సుమారు 70 వేల టెస్టులు, పాజిటివిటీ (నూరు టెస్టుల్లో పాజిటివ్ వచ్చినవి) 14 శాతం. 2021 మే 16న 24,171 కేసులు వచ్చాయి, టెస్టులు సుమారు 95 వేలు. పాజిటివిటీ 25 శాతం దాటింది. కేసులు రెండున్నర రెట్లు కూడా కాలేదు కదా అని ఊరటపడే చోటు కాదిది. టెస్టులు మూడో వంతు మాత్రమే పెరిగితే, టెస్టుకు వచ్చిన ప్రతి నలుగురిలో ఒకరికి జబ్బుంది. రెండు వారాల పాటు పాజిటివిటీ 5 శాతం లోపు ఉంటేనే వ్యాప్తి అదుపులో ఉన్నట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన గీటురాయి. 25 శాతం అంటే గేజి రాయి మునిగిపోయిందని అర్థం. మునిగిన రాయి మీద అంకె కదలదు, నీరు మాత్రం పెరుగుతుంది. ల్యాబులు రోజుకు ఒక హద్దుకు మించి శాంపిళ్లు చూడలేనప్పుడు గ్రాఫు చదునుగా కనబడితే, ఆ చదును ల్యాబు సామర్థ్యానిది.

భద్రాచలం గేజి చూడని నీరు ఇంకొకటుంది. శబరి. అది భద్రాచలం దాటాక కూనవరం దగ్గర గోదాట్లో కలుస్తుంది. భద్రాచలంలో ఎంతుందో ఎంత శ్రద్ధగా చూసినా శబరి నీళ్లు ఆ అంకెలో నేరుగా లెక్కకు రావు, దిగువనే తెలుస్తాయి. టెస్టుకే వెళ్లకుండా ఇంట్లోనే జ్వరంతో పడుకుని, ఊపిరి అందని రాత్రి ఆటోలో ఆసుపత్రికి బయల్దేరినవాళ్లు శబరి నీళ్లు. కేసుల లెక్కలో వాళ్లు లేరు. ఆక్సిజన్ పడకల దగ్గర మాత్రం ఉన్నారు. 2021 మేలో కేసులకంటే పడకల కోసం వచ్చే ఫోన్లే నిజం చెప్పాయి.

ఇక్కడ ఆక్వా రైతుల ప్రస్తావన తేవాలి. కరోనా రాకముందు నుంచే భీమవరంలో పీసీఆర్ (వైరస్‌ను పట్టే ల్యాబు టెస్టు) అన్న మాట రొయ్యల రైతులందరికీ తెలుసు. హేచరీ నుంచి సీడు (రొయ్య పిల్లలు) తెచ్చేముందు రొయ్యలకు సోకే వైట్ స్పాట్ వైరస్ ఉందేమోనని టెస్టు చేయించడం అక్కడ మామూలు. ట్యాంకులోని సీడులో 2 శాతానికి జబ్బుంటే, 150 పిల్లల్ని తీసి చూస్తే కనీసం ఒక్క జబ్బుపిల్లయినా దొరికే అవకాశం 95 శాతం (0.98ని 150 సార్లు హెచ్చిస్తే 0.05 దగ్గరికొస్తుంది, అది తప్పించుకునే అవకాశం). పది పిల్లల్ని మాత్రమే తీస్తే? 82 శాతం సార్లు ఏమీ దొరకదు, సీడు శుభ్రమన్న సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఈ లెక్క తెలిసిన ఊళ్లలోనే 2020లో "మా ఊళ్లో ఒక్క కేసూ లేదు" అని ధీమాగా అనేవారు. ఎంతమందికి టెస్టు చేశారని అడిగితే పదిమందికి. ఊళ్లో నూటికి ఐదుగురికి వైరస్ ఉన్నా, ఎవరో పదిమందికి టెస్టు చేస్తే అందరికీ నెగెటివ్ వచ్చే అవకాశం 60 శాతం. సున్నా వచ్చినప్పుడు వాడే సులువైన సూత్రం ఒకటుంది: 3ని టెస్టుల సంఖ్యతో భాగించండి. 300 మందికి చేసి సున్నా వస్తే, జబ్బు 1 శాతం దాకా ఉండొచ్చు. 30 మందికి చేసి సున్నా వస్తే 10 శాతం దాకా ఉండొచ్చు. సున్నాకి అర్థం రావాలంటే పక్కన రెండో అంకె ఉండాలి.

వరద తీశాక లంక ఇళ్లలో గోడ మీద బురద గీత మిగులుతుంది. నీరు ఎంత వచ్చిందో ఆ రాత్రి ఎవరూ కొలవకపోయినా, మర్నాడు టేపు పెట్టి గీత ఎత్తు కొలిస్తే తెలుస్తుంది. రక్తంలో యాంటీబాడీలు ఆ గీత. 2020 ఆగస్టులో మన రాష్ట్రంలో సీరో సర్వే (యాంటీబాడీల కోసం రక్తపరీక్షల సర్వే) మొదలైనప్పుడు తొలి విడత నాలుగు జిల్లాల్లో తూర్పుగోదావరి ఒకటి. సెప్టెంబరులో చెప్పిన రాష్ట్ర ఫలితం 19.7 శాతం. సుమారు 5 కోట్ల జనాభాలో అది కోటి మంది. అప్పటికి బులెటిన్ కేసులు ఐదు లక్షల పైచిలుకు. ఒక కేసు పట్టుబడితే దాని వెనక పదిహేడు, పద్దెనిమిది కనబడకుండా దాటిపోయాయన్నమాట. గోడ మీద గీత కూడా శాశ్వతం కాదు, నాలుగు వానలకు చెరుగుతుంది. యాంటీబాడీలూ నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి, అందువల్ల సర్వే ఆలస్యంగా చేస్తే నిజంకన్నా తక్కువే చూపిస్తుంది.

ఇంకొక్క పోలిక, గట్ల గురించి. మైళ్ల పొడవునా ఏటిగట్టు నిలబడే ఉంటుంది. ఒక్కచోట గండి పడితే ఊళ్లు మునుగుతాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో 84,965 మంది బాధితుల, వాళ్లతో మెలిగిన 5,75,071 మంది వివరాలతో 2020లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. మన ఆశా కార్యకర్తలు, వాలంటీర్లు, ఏఎన్ఎంలు ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నటువంటి వివరాలే అంత పెద్ద అధ్యయనానికి పునాది. అందులో తేలిందేమిటంటే, 71 శాతం మంది తమతో మెలిగినవాళ్లలో ఒక్కరికీ అంటించినట్టు కనబడలేదు. 8 శాతం మంది నుంచి మాత్రం 60 శాతం కొత్త కేసులు వచ్చాయి. "ఒకరి నుంచి సగటున ఇద్దరికి" అన్న మాట గట్టు సగటు ఎత్తు చెప్పడం లాంటిది. గండి ఎక్కడ పడుతుందో అది చెప్పదు.

నది పోలిక ఒకచోట పూర్తిగా చెల్లదు, అది చెప్పి తీరాలి. నీరు పిల్లల్ని పెట్టదు. భద్రాచలం దాటిన నీరు దారిలో రెట్టింపు కాదు. వైరస్ రెట్టింపవుతుంది. కేసులు ఐదు రోజులకోసారి రెట్టింపవుతుంటే, 12 రోజుల ఆలస్యంతో మరణాలు చూసి మేల్కొనేసరికి కేసులు ఐదు రెట్లు దాటి ఉంటాయి (రెండుకు 2.4 ఘాతం 5.3).

శిఖరం గురించి మరో మాట. మన రాష్ట్రంలో కేసుల శిఖరం 2021 మే 16. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో పసరు మందు కోసం వేలాదిమంది ఎగబడింది మే 21న. ఆ తర్వాత రాష్ట్రంలో కేసులు తగ్గాయి. మందు పనిచేసిందని చాలామంది మనస్ఫూర్తిగా నమ్మారు. అంత భయంలో ఉన్నవాళ్లను తప్పు పట్టలేం. కానీ గోదారి శిఖరం దాటిన మర్నాడు పసుపూ కుంకుమా వేసినా వేయకపోయినా నీరు తగ్గుతుంది. మొక్కుకోవడం మన ఇష్టం, తగ్గించిందెవరో చెప్పడానికి మాత్రం వేరే సాక్ష్యం కావాలి. ఇదే కొలబద్ద మే 5న పెట్టిన కర్ఫ్యూకి కూడా పెట్టాలి. పదకొండు రోజులకు శిఖరం రావడం వైరస్ ఆలస్యానికి సరిపోతుంది, అందువల్ల కర్ఫ్యూ పనిచేసి ఉండొచ్చు. తేదీలు కలిశాయని అంతకుమించి అనలేం.

బులెటిన్ తేదీల్లో ఇంకో చిక్కుంది. 2021 జూన్ 10న దేశంలో 6,148 మరణాలు చూపించారు, అప్పటిదాకా అదే అత్యధికం. వాటిలో 3,951 బిహార్ పాత లెక్కలు సరిచేసి ఒకేరోజు కలిపినవి. ఆ రోజు జరిగింది లెడ్జర్లో, ఆసుపత్రుల్లో కాదు. చనిపోయిన తేదీ ప్రకారం గీసిన గ్రాఫులో ఇంకో రకం మోసం: చివరి వారం ఎప్పుడూ కిందికే వంగి ఉంటుంది. రావలసిన వివరాలు ఇంకా రాలేదు కాబట్టి. ఆ చివరి వారాన్ని చేత్తో మూసి చూడడం మంచి అలవాటు.

అన్ని గేజిల్లోకీ నేను ఎక్కువ నమ్మేది మరణాల రిజిస్టరు. దానికి టెస్టుతో పని లేదు, కారణంతోనూ పని లేదు. దేశంలో నమోదైన మొత్తం మరణాలు 2019లో 76 లక్షలు, 2020లో 81 లక్షలు, 2021లో 1.02 కోట్లు. 2020కీ 2021కీ తేడా ఒక్కటే 21 లక్షలు. రెండేళ్లకూ కలిపి అధికారికంగా కరోనా ఖాతాలో వేసినవి 4.8 లక్షలు. నమోదు మెరుగుపడడం వల్ల, జనాభా పెరగడం వల్ల కొంత తేడా వస్తుంది, అంతా వైరస్‌దే అనడానికి లేదు. అదనపు మరణాలు 47 లక్షలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాను మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఏ లెక్క చూసినా 4.8 లక్షలు చాలా తక్కువన్నది మాత్రం నా అభిప్రాయం.

నర్సింగ్ చదువుతున్న అమ్మాయి ప్రాజెక్టుకు 2021 మే నెల మరణాలను రిజిస్టర్లో లెక్కపెట్టడం బాగుంటుంది. ఒక్క ఊరితో సరిపెట్టుకోవద్దు. వెయ్యికి ఏటా ఆరేడు మరణాల చొప్పున 3 వేల జనాభా ఉన్న ఊళ్లో ఏడాదికి ఇరవై, నెలకు ఒకటో రెండో. ఒక నెల నాలుగు వచ్చినా ఏమీ తేలదు. మండలం మొత్తం తీసుకోవాలి. 60 వేల జనాభాకు నెలకు 33 వస్తాయనుకుందాం. ఇలాంటి లెక్క మామూలుగా అటూ ఇటూ ఊగేది దాని వర్గమూలమంత, అది దాదాపు 6, రెండింతలు 12, కాబట్టి 21 నుంచి 45 వరకూ మామూలు ఒడిదుడుకులే. 60 వచ్చిందంటే అది ఒడిదుడుకు కాదు. పోల్చేందుకు ఆధారంగా 2018, 2019 మే నెలల సగటు తీసుకోండి. 2020 వద్దు, లాక్‌డౌన్‌లో నమోదే వెనకబడింది. రిజిస్టర్లో నమోదు తేదీ ఒక గడిలో, చనిపోయిన తేదీ ఇంకో గడిలో ఉంటాయి. లెక్కపెట్టాల్సింది రెండో గడి.