ముంజ పగలకుండ తీసినట్టు

దేవరకొండ దిక్కు మా ఊర్ల మా పెదనాయినకు దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతుంటె ఏడాది దాక మొలలే అనుకున్నం, నాటుమందు తిన్నడు, కారం మానేసిండు, ఆఖరికి హైదరాబాద్‌ల కెమెరా గొట్టం పెట్టి చూస్తె పెద్దపేగు చివర గడ్డ, బయాప్సీల క్యాన్సర్ అని తేలింది. అది విన్నంక ఆయన నన్ను అడిగిన మొదటి మాట ఏందంటె, "రోబో కోస్తదంట గదరా, నడుమ కరెంటు పోతె ఎట్ల?"

రోబో సొంతంగ ఏం కోయదు, బ్యాటరీ కూడ ఉంటది. కోసేది సర్జనే. కొంచెం దూరంల కూసోని లోపలి బొమ్మను పెద్దగ, లోతు తెలిసేటట్టు చూసుకుంట చేతులు ఆడిస్తడు, ఆ కదలికను చిన్నగ చేసి మిషన్ చేతులు లోపల ఆడతయి. మామూలు లాప్రోస్కోపీల, అంటె పొట్టకు చిన్న బొక్కలు పెట్టి కెమెరాతోని చేసే ఆపరేషన్ల, పట్టుకునేది తిన్నని పొడుగు కడ్డీలు, చేయి ఎడమకు పోతె లోపలి కొస కుడికి పోతది. రోబో కొసకు మణికట్టు లెక్క వంగే కీలు ఉంటది, ఫరకంత ఆడనే.

ఆ ఫరక్ ఎందుకు కావాలంటె మన ముంజలు యాది చేసుకోండి. తాటికాయల బొటనవేలు పెట్టి ముంజ తీసేటప్పుడు పొర చినగకుండ తీస్తె గుండ్రంగ చేతికొస్తది, చినిగితె నీళ్ళన్నీ అంగీ మీదనే. ఈ ఆపరేషన్ గూడ గట్లనే, పురీషనాళం, అంటె పెద్దపేగు చివరి భాగం, దాని చుట్టు కొవ్వు, ఆ కొవ్వుల లింఫ్ గ్రంథులు, వాటన్నిటికి ఒక పలుచని పొర. గడ్డతోని పాటు ఆ మూటను పొర చినగకుండ తీయాలె. ఇంగ్లాండ్‌ల బిల్ హీల్డ్ అనే సర్జన్ 1982ల ఈ సంగతి గట్టిగ చెప్పిండు, అది పాటించినంక అదే జాగల క్యాన్సర్ మళ్ళొచ్చుడు బాగ తగ్గింది. కాకపోతె కటి ఎముకల నడుమ జాగ ఇరుకు, మగవాళ్ళకు ఇంకా ఇరుకు, పొట్ట ఉన్నోళ్ళకైతె చెప్పేదే లేదు, పైగ మూత్రానికి, సంసారానికి పనికొచ్చే నరాలు పక్కనే ఆనుకొని ఉంటయి.

మరి రోబోతోని నిజంగ లాభం ఉందా? రోబోను, లాప్రోస్కోపీని పోల్చి 2017ల వచ్చిన రోలార్ అనే పరీక్షల 471 మందిని చూసిన్రు. నడుమల ఆపి పొట్ట తెరవాల్సి వచ్చింది లాప్రోస్కోపీల 12.2 శాతం, రోబోల 8.1 శాతం, కని ఆ తేడా లెక్కల నిలబడలే, ఊరికె గూడ వచ్చి ఉండొచ్చు. రోబో మీద అప్పటికి చేయి తిరగని సర్జన్లు గూడ ఉన్నరని తర్వాత విమర్శ వచ్చింది, నాకైతె అది న్యాయమైన విమర్శే అనిపిస్తది, కొత్త ట్రాక్టర్ ఇచ్చి మొదటి సాలే వంకర పోయిందంటె ఎట్ల.

అటెనక చైనాల 11 హాస్పిటళ్ళల్ల రియల్ అనే పెద్ద పరీక్ష నడిచింది, పన్నెండు వందల పైన మంది. దాని మూడేండ్ల ఫలితం 2025ల వచ్చింది: అదే జాగల క్యాన్సర్ తిరిగొచ్చుడు రోబోల 1.6 శాతం, లాప్రోస్కోపీల 4.0 శాతం. క్యాన్సర్ మళ్ళ రాకుండ బతికున్నోళ్ళు రోబోల 87.2, లాప్రోస్కోపీల 83.4 శాతం. ఇంకోటి, మలద్వారం మొత్తం తీసేసి జీవితాంతం పొట్టమీద సంచి పెట్టుకోవాల్సిన ఆపరేషన్ రోబోల 16.9 శాతం, అటు 22.7. మూత్రం, సంసారం తిప్పలు గూడ మొదటి ఏడాదిల తక్కువనే. ఇంటికొచ్చినంక మనిషికి ఇవే పెద్దగ కనపడతయి, మనోళ్ళు సిగ్గుకు డాక్టర్‌ను అడగరు.

కని మొత్తం బతికున్నోళ్ళ లెక్క రోబోల 94.7, లాప్రోస్కోపీల 93.0 శాతం, అంటె రోబో వల్ల ఎక్కువమంది బతికిన్రు అనేటంత తేడా ఇప్పటికైతె లేదు. "రోబోతో ప్రాణం గ్యారంటీ" అని బోర్డు కనపడితె నమ్మకున్రి. ఇంకో సంగతి, ఆ పరీక్షల తీసుకున్నది మలద్వారం నుంచి 10 సెంటీమీటర్ల లోపల గడ్డ ఉన్నోళ్ళనే, అంటె అసలు ఇరుకు ఉన్నకాడనే.

పెదనాయిన గడ్డ మలద్వారం నుంచి 13 సెంటీమీటర్ల ఎత్తుల ఉంది. సర్జన్ స్కాన్ చూసి, నీకు రోబో అక్కర్లేదు పెద్దాయనా, మామూలు లాప్రోస్కోపీ చాలు అన్నడు. అప్పటికే ఊరంత మిషన్ కోస్తదని చెప్పుకున్నడేమో, బయటికొచ్చినంక కొంచెం చిన్నబోయిండు.